వారమునకు మూడు మాత్రలు



మా వంటయింటి గోడకు వ్రేలాడు క్యాలెండరులో సోమ, బుధ, శుక్రవారములకు ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టియుండును. రెండేండ్ల క్రిందట ఒకనాడు పొరుగింటి పిన్నిగారు తోడుమజ్జిగ కొఱకు వచ్చి వానిని చూచి, "ఏమి వ్రతము పట్టితివమ్మా? సోమవారము శివునికి, శుక్రవారము లక్ష్మికి, సరే. బుధవారము ఎవరికి?" అని అడిగిరి. నేను నవ్వి, "ఏదో మ్రొక్కు లెండి, పిన్నిగారూ" అంటిని. ఆమె నా భక్తిని మెచ్చుకొని వెడలిరి.

ఆ సున్నలు ఏ దేవునికిని సంబంధించినవి కావు. అవి నేను మాత్ర మ్రింగవలసిన దినములు. అంత చిన్న నిజమును చెప్పుటకు నాకు నోరు రాకపోయెను. అట్లు దాచుట వలన నేను పడిన కష్టమును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నాకు పందొమ్మిదవ యేట, అనగా 2007లో, క్షయ సోకినది. మా నాన్నగారు ఆఱునెలలు ఒక్క పూటయు తప్పనీయక మందులు మ్రింగించిరి. వ్యాధి నయమైనది. ఆ దినములలో నేను మంచముమీద ఉండగా ఆయన ప్రక్కన కూర్చుండి భాగవతము పాఠము చెప్పెడివారు. నేను నేర్చిన చదువులో మంచి భాగము ఆ యింట, ఆ మంచముమీదనే నేర్చితిని. రెండేండ్లకు నాకు వివాహమైనది. క్షయ వచ్చి పోయిన సంగతి నాన్నగారు మావారికి మాత్రము చెప్పిరి. అత్తవారింట తక్కిన వారెవ్వరికిని తెలియదు. "నయమైన జబ్బును ఊరంతయు చాటుట దేనికే?" అని అమ్మ అనెడిది. ఆ మాట నాకును సబబుగనే తోచినది.

వ్యాధి పోయినది గాని దాని గాటు మిగిలినది. ప్రతి ఉదయమును గుప్పెడు కళ్లె పడనిదే నాకు ఊపిరి ఆడెడిది కాదు. అందఱికంటె ముందు లేచి, పెరటిలో నీళ్లమోటారు వేసి, ఆ చప్పుడులో దగ్గుకొనెడిదానను. వానకారునను, మంచుదినములలోను జ్వరము తగిలెడిది. కళ్లె పచ్చబడెడిది. ప్రక్కలో పోటు వచ్చెడిది. ఊరి వైద్యుడు వారము దినములకు మందిచ్చెడివాడు. తగ్గినట్లే తగ్గి, రెండు నెలలకు మరల మొదటికి వచ్చెడిది. 2022లో ఇట్లు నాలుగు మాఱులు జరిగినది. నాలుగవ మాఱు, కార్తీకమాసమున, కళ్లెలో నెత్తురు చార కనబడినది. ఆ సాయంకాలము మా అత్తగారు నా మంచినీళ్ల గ్లాసును వేఱుగా బోర్లించి యుంచిరి. నేను చూచియు చూడనట్లు ఊరకుంటిని.

మావారు పాఠశాలకు సెలవు పెట్టి నన్ను రాజమహేంద్రవరమునకు, ఛాతీ వైద్యుని కడకు తీసికొనిపోయిరి. కళ్లెను పరీక్షించిరి. సి.టి. స్కాను తీసిరి. వైద్యుడు ఫిలిమును వెలుతురునకు ఎత్తి పట్టుకొని, "అమ్మా, క్షయ తిరిగి రాలేదు. ఇప్పుడున్న జబ్బు ఇతరులకు అంటునది కాదు" అని మొదట ఆ మాట చెప్పెను. నా కన్నుల నీరు నిండినది.

తరువాత ఆయన చెప్పిన దానిని నేను మా గోదావరి మాగాణి భాషలో చెప్పెదను. మా యింటి వెనుక పంటబోదె యొకటి కలదు. దానిలో పూడిక పడి, గట్లు జాఱి, వెడల్పయినపుడు నీరు సాగక నిలిచిపోవును. నిలిచిన నీట నాచు పట్టును, దోమలు పుట్టును. ఊపిరితిత్తులలోని శ్వాసనాళముల సంగతియు నట్టిదే. పూర్వపు వ్యాధి వలన గోడలు దెబ్బతిని నాళములు వెడల్పై బిగువు కోల్పోవును. అచట కళ్లె నిలుచును. నిలిచిన కళ్లెలో సూక్ష్మజీవులు పెరుగును. వానితో శరీరము పోరాడుటచే వాపు కలిగి గోడలు మఱింత చెడును. చెడిన కొలదిని మరల కళ్లె నిలుచును. దీనిని వైద్యులు బ్రాంకియెక్టాసిస్ అందురు. 1819లోనే ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెనెక్, తాను కనిపెట్టిన స్టెతస్కోపుతో రోగుల ఛాతీని విని ఈ వ్యాధిని వర్ణించెను. మనదేశమున 2015 మొదలు 2017 వఱకు 31 వైద్యకేంద్రములలో ఈ వ్యాధి గల 2195 మందిని పరిశీలింపగా, మూడవవంతుకంటె ఎక్కువమందికి మునుపు వచ్చిన క్షయయే కారణమని తేలినది. నావంటి వారు ఇందఱు కలరని వినినపుడు దుఃఖము కలిగెను. నేనొక్కతెనే కానను ధైర్యమును కలిగెను.

వైద్యుడు వెంటనే మాత్రలు వ్రాయలేదు. "ముందు బోదెను బాగుచేసికొనుము" అని ఊపిరి సాధన నేర్పించెను. ఉదయమును, సాయంకాలమును ఇరువది నిమిషములు కూర్చుండి, కొంతసేపు మెల్లగా, కొంతసేపు నిండుగా ఊపిరి పీల్చి, ఒక క్షణము నిలిపి, పిమ్మట అద్దమునకు ఆవిరి పట్టించునట్లు నోరు తెఱచి "హా" యని గట్టిగా వదలవలెను. అప్పుడు లోపలి కళ్లె కదలి పైకి వచ్చును. ఏటేట ఫ్లూ టీకా వేయించుకొమ్మనెను. న్యుమోనియా టీకా కూడ వేయించెను. కట్టెలపొయ్యి పొగకును, సాంబ్రాణి పొగకును దూరముగ నుండుమనెను. ఇవి యన్నియు చేసితిని. అయినను మఱుసటి యేడు సగము గడవకముందే మూడు మాఱులు జ్వరపడితిని. సంవత్సరమునకు మూడు మాఱులో, అంతకు మించియో ఇట్లు వచ్చువారికి, రోగము రాకముందే నెలల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చు పద్ధతి యున్నదని అప్పుడు ఆయన చెప్పెను.

ఆ మందు పేరు అజిత్రోమైసిన్. 500 మిల్లీగ్రాముల మాత్ర, వారమునకు మూడు దినములు. ఇది శరీరములోని కండలయందు చేరి దినముల తరబడి నిలుచును గావున దినదినము మ్రింగనక్కఱలేదు. సూక్ష్మజీవులను అణచుటయే గాక నాళములలోని వాపును కూడ తగ్గించును. న్యూజీలాండు దేశమున 141 మంది రోగులపై చేసిన పరీక్షయొక్క ఫలితములు 2012లో వెలువడినవి. ఆఱు నెలలు మందు మ్రింగినవారికి జబ్బు తిరగబెట్టుట, ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారితో పోల్చగా సగముకంటెను తక్కువైనదట.

మాత్ర మొదలిడుటకు ముందు ఎన్ని పరీక్షలో! కళ్లెలో క్షయక్రిములు గాని, వాని జాతికే చెందిన ఇతర క్రిములు గాని లేవని తేల్చుకొనవలెను. ఉన్నచో ఈ ఒక్క మందును మాత్రమే ఇచ్చుట వలన అవి మందునకు లొంగని మొండిక్రిములగును. గుండె లయకు భంగము రాకుండ ఇ.సి.జి. తీసిరి. కాలేయము కొఱకు నెత్తురు చూచిరి. చెవులను కూడ పరీక్షించి, "చెవిలో హోరు గాని, వినికిడి తగ్గుట గాని కలిగినచో ఆ దినముననే నాకు చెప్పవలెను" అని వైద్యుడు రెండు మాఱులు చెప్పెను. నేను తల యూపితిని.

2023 ఆషాఢమున మొదలుపెట్టితిని. కార్తీకము నాటికి కళ్లె సగమైనది. జ్వరము రాలేదు. ఒక సాయంకాలము మా అమ్మాయికి పద్యము చదివి వినిపించుచు, సీసపద్యము నాలుగు పాదములును, క్రింది గీతముతో సహా, నడుమ దగ్గక ముగించితిని. ఎన్ని సంవత్సరములకు! అది "అమ్మా, ఇంకొకటి" అన్నది. ఆనాడు నేను పొందిన సంతోషమును జ్ఞాపకముంచుకొనుడు. నేను తరువాత చేసిన తప్పునకు అదియే మూలము.

ఇంటిలో వారికి ఆ మాత్రలు బలము కొఱకని చెప్పియుంటిని. 2024 సంక్రాంతికి మా పెద్ద వదినగారు పిల్లలతో వచ్చిరి. చిన్నవానికి తొమ్మిదేండ్లు. వానికి పడిశమును, కొద్ది జ్వరమును వచ్చినవి. వదినగారు అలమరలోని మాత్రల షీటు చూచి, "ఇది కరోనానాడు అందఱము మ్రింగినదే గదా! నీ కడ పెట్టెడున్నవి. మూడు ఇయ్యి, పిల్లవాడు తేరుకొనును" అనిరి. ఈయరాదని నేనెఱుగుదును. కాని ఎందుకీయవని అడిగినచో నా జబ్బు చెప్పవలెను. జబ్బు చెప్పినచో క్షయ మాట వచ్చును. ఆ మాట వదినగారి అత్తవారి యూరు చేరును. ఇట్లు లోలోపల లెక్కలు వేసికొని మూడు మాత్రలు చేతిలో పెట్టితిని. ఆ రాత్రి పిల్లవాడు కడుపునొప్పితో మెలికలు తిరిగి రెండు మాఱులు వాంతి చేసికొనెను. పడిశము మాత్రము తన గడువు తాను తీర్చుకొనియే పోయెను. పండుగకు ఊరిలోని మందులకొట్టు మూసియుండుటచే ఆ వారము నా మాత్రలును తప్పినవి.

వైద్యుని కడకు పోయినపుడు ఆ సంగతి చెప్పకతప్పలేదు. ఆయన కోపపడెను. పడిశము కలిగించు వైరసుపై ఈ మందు పనిచేయదు. కరోనా వచ్చిన 2020లో జనులు దీనిని విరివిగా మ్రింగిరి గాని, ఆ యేడే బ్రిటనులో ఆసుపత్రి రోగులపై చేసిన పెద్ద పరీక్షలో దీని వలన లాభము కనబడలేదు. మందును అనవసరముగ వాడిన కొలది దానికి లొంగని క్రిములు పెరుగును. హాలెండు దేశమున ఒక యేడు ఈ మందు మ్రింగినవారిని పరీక్షించి 2013లో ప్రకటించిన లెక్కలలో, మొండిక్రిములు మందు మ్రింగినవారియందు 88 శాతము, మ్రింగనివారియందు 26 శాతము కనబడినవి. "అవసరము గల నీవు మ్రింగుటకే ఇంత మూల్యము చెల్లించుచున్నాము. అవసరము లేనివానికి దీనిని ప్రసాదమువలె పంచవచ్చునా?" అని ఆయన అడిగెను. నాకు బదులు తోచలేదు. షీటుమీది ఎఱ్ఱగీతను చూపి, వైద్యుని చీటీ లేనిదే ఇట్టి మందు వాడరాదని తెలుపుటకే ఆ గుర్తనియు, 2016లో ప్రభుత్వము దానిని గుఱించి ప్రచారము చేసినదనియు చెప్పెను. ఆ గీతను నేను దినమును చూచుచునే యుంటిని గాని అర్థమెఱుగను.

ఆ తప్పుతో బుద్ధి రావలసినది. రాలేదు.

ఫాల్గుణమాసమున ఒక రాత్రి, ఇల్లంతయు నిద్రించుచుండగా, నాకు కీచుఱాయి కూత వినబడినది. మఱునాడును వినబడినది. మా అమ్మాయిని పిలిచి, "ఇంట కీచుఱాయి దూరినది, వెదకుము" అంటిని. అది బియ్యపు డబ్బాల వెనుక, మంచముల క్రింద వెదకి వచ్చి, "అమ్మా, ఎక్కడను చప్పుడే లేదు" అన్నది. అప్పుడు నా గుండె జల్లుమనినది. ఆ కీచుఱాయి నా చెవిలోనే యున్నది.

వైద్యుడు చెప్పిన మాట జ్ఞాపకము రాలేదా యని మీరడుగవచ్చును. వచ్చినది. చెప్పినచో మందు మానిపించునని కూడ తోచినది. మందు మానినచో మరల నీళ్లమోటారు చాటున దగ్గు, పచ్చని కళ్లె, సగములో తెగిన సీసపద్యము. కొంచెము హోరునకేమి, ఓర్చుకొందునని రెండు నెలలు దాచితిని. వైశాఖమున ఒకనాడు వరండాలో కూర్చుండి చదువుకొనుచుండగా వంటయింటిలో కుక్కరు ఎన్ని ఈలలు వేసినదో నాకు తెలియదు. పప్పు మాడి వాసన వచ్చిన పిమ్మట లేచితిని. అమ్మాయి వాకిట నుండి పరుగెత్తుకొని వచ్చి, "అమ్మా, ఇంత పెద్ద ఈల నీకు వినబడలేదా?" అన్నది. సాయంకాలము తండ్రితో చెప్పినది. ఆయన నా ప్రక్కన కూర్చుండి చాల సేపు మాటాడలేదు. తుదకు, "నాకు చెప్పనిది ఇంకెవరికి చెప్పుదువు?" అని మాత్రమనిరి.

చెవుల పరీక్షలో సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులు నాకు సరిగా వినబడుట లేదని తేలినది. ఆ దినముననే మందు ఆపివేసిరి. ఆఱు వారములకు హోరు సన్నగిల్లినది. మూడు నెలలకు వినికిడి చాలవఱకు తిరిగి వచ్చినది. "నీ అదృష్టము. అందఱికిని తిరిగి రాదు" అని వైద్యుడు చెప్పెను. భాద్రపదమున ముసురులు పట్టినపుడు జ్వరము, కళ్లె మరల వచ్చినవి. ఒకవైపు ఊపిరి, ఒకవైపు చెవులు. ఏది కావలెను, ఏది వలదు?

ఈ మాఱు నేనొక్కతెను తీర్మానింపదలపలేదు. ఒక రాత్రి భోజనములైన పిమ్మట అత్తగారి యెదుట కూర్చుండి 2007 నాటి సంగతి మొదలుకొని అంతయు చెప్పితిని. ఆమె విని కొంతసేపు తల వంచుకొనిరి. పిమ్మట, "మా అమ్మ ఆ జబ్బుతోనే పోయినదే, తల్లీ. నీ దగ్గు వినినపుడెల్ల అదే భయము. నీవు మోటారు వేసికొని దగ్గుచున్నావని నాకు తెలియదనుకొంటివా?" అనిరి. మఱునాడు నా గ్లాసు అందఱి గ్లాసుల నడుమ బోర్లించియున్నది.

దసరా వెళ్లిన పిమ్మట వైద్యుడు మోతాదును సగము చేసి, 250 మిల్లీగ్రాములు, వారమునకు మూడు మాఱులే, మరల మొదలుపెట్టెను. మూడు నెలలకొకమాఱు చెవుల పరీక్ష, నడుమ ఇ.సి.జి. జరుగుచున్నవి. ఏడాది గడచినది. ఒక్క మాఱు మాత్రమే జ్వరపడితిని. హోరు తిరిగి రాలేదు. ఇది జన్మాంతము మ్రింగు మందు కాదు. లాభము ఎక్కువయో, నష్టము ఎక్కువయో ఎప్పటికప్పుడు తూచి చూచి, వలదనినపుడు మానవలెను. ఆ దినము వచ్చినచో సంతోషముగనే మానుదును.

ఇట్టి మందు వాడు సోదరీమణులకు నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్పెదను. చిన్న పుస్తకమొకటి పెట్టుకొని, తేదీ, మాత్ర, కళ్లె రంగు, జ్వరము, చెవుల సంగతి ఏనాటి కానాడు వ్రాయుడు. పాలలెక్క వ్రాయు మనకు ఇది కష్టము కాదు. మఱి యే జబ్బునకు ఏ వైద్యుని కడకు పోయినను ఈ మాత్ర సంగతి ముందుగ చెప్పుడు. కొన్ని వాంతుల మాత్రలు, కొన్ని గుండె మందులు, కొన్ని ఇతర యాంటీబయాటిక్కులు దీనితో కలిసి గుండె లయను చెఱుపగలవు. కడుపుమంటకు త్రాగు తెల్లని మందును దీనితోపాటు త్రాగరాదు, నడుమ రెండు గంటలైన ఎడముండవలెను. ఒంట్లో బాగున్నదని మీ యంతట మానకుడు. నడుమ జ్వరము వచ్చినచో మీ యంతట మాత్రలు పెంచకుడు, వైద్యునికి చూపుడు. మాత్ర మ్రింగుచున్నాము గదా యని ఊపిరి సాధన మానకుడు. ఎంత దగ్గఱివారడిగినను ఒక్క మాత్రయు ఈయకుడు.

ఇవి యన్నియు వైద్యులు చెప్పునవే. వారు చెప్పజాలనిది, మనకు మనమే చెప్పుకొనవలసినది ఒకటి కలదు. ఇంటివారి తలనొప్పి మనకు కంటిలో నలుసు. మన దగ్గు మాత్రము మోటారు చప్పుడులో కలిసిపోవలెను. ఇది ఓర్పని మనకు చిన్ననాట నేర్పిరి. నా మట్టుకు నాకు ఈ ఓర్పు ఒక పిల్లవానికి వాంతులను, నా చెవులకు చేటును తెచ్చినది. నెలల తరబడి మ్రింగు మందు, దాచుకొను వారి చేతిలో మంచిది కాదు.

మొన్న పిన్నిగారు మరల తోడుమజ్జిగకు వచ్చి, "ఇంకను ఆ వ్రతము తీఱలేదా అమ్మా?" అనిరి. ఆమెను పీటమీద కూర్చుండబెట్టి నిజము చెప్పితిని. ఆమె గిన్నెను ఒడిలో పెట్టుకొని అంతయు వినిరి. పిమ్మట మెల్లగా, "నాకును తెల్లవాఱుజామున కళ్లె పడుచున్నదే. అయిదాఱేండ్లైనది. లవంగము బుగ్గను పెట్టుకొని నెట్టుకొని వచ్చుచున్నాను. ఇంట చెప్పలేదు" అనిరి.

వచ్చు మంగళవారము ఇద్దఱమును కలిసి రాజమహేంద్రవరము పోవుచున్నాము.